ఒకే వాంటన్ నూడుల్స్, రెండు ధరలు: సింగపూర్ చైన్ హోటల్ ప్లేటు వెనక సంగతులు

ఉద్యోగానికో, పిల్లల దగ్గరికో, నాలుగు రోజులు తిరిగి రావడానికో సింగపూర్ వెళ్లిన తెలుగువాళ్లకు ఒక సందేహం తప్పకుండా వస్తుంది. హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకచోట ఉండే ప్రాంగణంలో, వాంటన్ నూడుల్స్ ఐదారు సింగపూర్ డాలర్లకు దొరుకుతున్నాయి. రోడ్డు దాటి మాల్‌లోకి వెళితే, ఏసీ ఉన్న చైన్ హోటల్లో మెనూ మీద 9.80 అని ఉంటుంది. తిని లేచేసరికి బిల్లు 11.75 అవుతుంది. రెండు చోట్లా పేరు అదే, ప్లేటులో కనిపించేవి కూడా దాదాపు అవే. అక్కడి జీఎస్టీ 2023లో 7 నుంచి 8 శాతానికి, 2024 జనవరిలో 9 శాతానికి పెరిగాక ఈ తేడా మీద చర్చ ఇంకా ఎక్కువైంది. ఒకరు చైన్ హోటళ్లు దోచుకుంటున్నాయంటారు. ఇంకొకరు అసలు హాకర్ స్టాళ్లే తక్కువకు అమ్ముకుని నష్టపోతున్నాయంటారు. ఈ వాదన అర్థం కావాలంటే ముందు ప్లేటులో ఏముందో, ఆ తర్వాత బిల్లులో ఏముందో చూడాలి.

ప్లేటులో ఏముంటుంది

వాంటన్ అంటే పల్చటి గోధుమపిండి రేకులో రొయ్యలు, పంది ఖీమా కలిపి పెట్టి మడిచిన చిన్న ముడుపు. మోమో తిన్నవాళ్లకు తెలిసిన రుచిలాగే అనిపిస్తుంది కానీ దీని రేకు చాలా పల్చన. బాగా చేస్తే లోపలి రొయ్య గులాబి రంగు బయటికి కనిపిస్తుంది. నీళ్లలో ఉడికించి వేయడం మామూలు పద్ధతి. నూనెలో వేయించినవి రెండు మూడు పక్కన పెట్టే స్టాళ్లు కూడా ఉన్నాయి.

సింగపూర్‌లో దీన్ని ‘వాంటన్ మీ’ అంటారు (‘మీ’ అంటే నూడుల్స్). ఎక్కువమంది తినేది పొడి రకం. ప్లేటు అడుగున సాస్, దాని మీద నూడుల్స్, పైన చార్ సియూ ముక్కలు, కై లాన్ ఆకుకూర, పక్కన చిన్న గిన్నెలో వాంటన్లు వేసిన సూపు. చార్ సియూ అంటే తీపి మసాలా పట్టించి కాల్చిన పంది మాంసం. మాల్టోజ్ అనే చక్కెర పాకం పూత వల్ల దానికి మెరుపు, అంచుల్లో కొంచెం మాడిన చేదు వస్తాయి. వెనిగర్‌లో ఊరిన పచ్చిమిర్చి ముక్కలు చిన్న పళ్లెంలో ఇస్తారు. మనవాళ్లు వాటిని మళ్లీ మళ్లీ అడిగి వేయించుకుంటారు.

నూడుల్స్‌లోని క్షారం

నా దృష్టిలో ఈ వంటకంలో ముఖ్యమైనవి నూడుల్సే, వాంటన్లు కావు. వాటిని మిగతా నూడుల్స్ నుంచి వేరు చేసేది క్షారం. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ కలిసిన క్షార జలాన్ని పిండిలో పోస్తారు. మన అప్పడాల పిండిలో పప్పడ్‌ఖార్ వేసే పని కూడా ఇలాంటిదే. క్షారం తగిలితే గోధుమలోని గ్లూటెన్ బిగుస్తుంది. అందుకే పోగు సన్నగా ఉన్నా మెత్తబడిపోకుండా పంటి కింద ఎదురు తిరుగుతుంది. పిండిలో సహజంగా ఉండే ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు క్షారంలో పసుపు రంగుకు తిరుగుతాయి. కాబట్టి నూడుల్స్ పసుపుగా ఉన్నంత మాత్రాన గుడ్డు బాగా పడిందని చెప్పలేం. గుడ్డు లేకుండా కూడా ఆ రంగు వస్తుంది, కొన్ని ఫ్యాక్టరీలు విడిగా రంగు కలుపుతాయి కూడా.

క్షారం మేలుతో పాటు ఒక ఇబ్బందినీ తెస్తుంది. సరిగ్గా కడగకపోతే సబ్బు వాసన లాంటి ఘాటు మిగిలిపోతుంది. అందుకే వంటవాడు నూడుల్స్‌ను ఎక్కువ నీళ్లలో, బాగా మరుగుతున్నప్పుడు కొద్దిసేపు మాత్రమే ఉంచుతాడు. తీసి చల్లటి నీళ్లలో ముంచుతాడు, మళ్లీ ఒక్క క్షణం వేడి నీళ్లలో ముంచి, జాలిగరిటెను గట్టిగా విదిలించి నీరంతా దించేస్తాడు. చల్లటి నీరు పైనున్న పిండిజిగురును కడిగేస్తుంది, ఉడకడాన్ని ఆపేస్తుంది, క్షారపు ఘాటును తగ్గిస్తుంది. ఒకే పాత్రలో వరసగా ప్లేట్లు దించుతూ పోతే నీళ్లు పిండితో, క్షారంతో చిక్కబడతాయి. ఆ నీళ్లలో ఉడికిన నూడుల్స్ జిగటగా వస్తాయి. రద్దీ వేళ నీళ్లు మార్చే ఓపిక ఉన్న చోటికీ లేని చోటికీ తేడా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. అది స్టాలా, చైన్ హోటలా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

హాంకాంగ్ గిన్నె, సింగపూర్ ప్లేటు

ఈ వంటకం కాంటనీస్ వాళ్లది. గ్వాంగ్‌ఝౌ నుంచి వలస వెళ్లిన వంటవాళ్లతో హాంకాంగ్‌లో స్థిరపడింది, అటు ఆగ్నేయాసియాకూ చేరింది. చేరిన చోటల్లా రూపం మార్చుకుంది. ‘అసలైన వాంటన్ నూడుల్స్’ ఏవి అన్న గొడవ అక్కడినుంచే మొదలవుతుంది.

హాంకాంగ్‌లో సూపు రకానిదే పెద్దపీట. నూడుల్స్ దారాల్లా సన్నగా ఉంటాయి, పిండిలో బాతుగుడ్డు వేయడం పాత పద్ధతి. లావుపాటి వెదురు బొంగు ఒక చివర వంటవాడు కూర్చుని ఎగురుతూ పిండిని అదిమే పద్ధతి కూడా ఉండేది. ఇప్పటికీ షామ్ షుయ్ పో వైపు అలా చేసే కొట్లు కొన్ని ఉన్నాయి. సూపు రుచికి మూలం ఎండబెట్టి కాల్చిన ఫ్లౌండర్ చేప. దానికి రొయ్యగుడ్లు, పంది ఎముకలు తోడవుతాయి. గిన్నె అడుగున చెంచా పెట్టి, దాని మీద వాంటన్లు, ఆ పైన నూడుల్స్ వేస్తారు. నూడుల్స్ సూపులో పూర్తిగా మునిగి నానిపోకుండా ఈ ఏర్పాటు. చిన్న గిన్నె కూడా అందుకే. నాలుగు నిమిషాల్లో తినేయాలి, లేకపోతే ఆ బిగువంతా పోతుంది. క్షారం ఘాటు తగ్గాలనుకునేవాళ్లు ఎర్ర వెనిగర్ కొద్దిగా పోసుకుంటారు.

హాంకాంగ్‌లో సెంట్రల్ ప్రాంతంలోని వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో రెండు పేరున్న కొట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మాక్స్ నూడుల్ చిన్న గిన్నె, చిన్న వాంటన్ల సంప్రదాయానికి కట్టుబడింది. సిమ్ చాయ్ కీ పెద్ద గిన్నె, పెద్ద రొయ్యల వాంటన్లతో జనాన్ని ఆకట్టుకుంది. ఒకే వీధిలో ఒకే వంటకం మీద రెండు అభిప్రాయాలన్నమాట. వాన్‌చాయ్‌లో 1946లో మొదలైన హో హంగ్ కీ కుటుంబం నుంచి వచ్చిందే టేస్టీ కాంజీ అండ్ నూడుల్ చైన్. అంటే చైన్ హోటళ్లన్నీ పై నుంచి కంపెనీలు పుట్టించినవి కావు. వీధి వంట నుంచి పెరిగినవీ వాటిలో ఉన్నాయి.

సింగపూర్‌కు వచ్చేసరికి సూపు పక్కకు జరిగింది, సాస్ ముందుకు వచ్చింది. సోయా, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది), నువ్వుల నూనె, వెల్లుల్లి లేదా చిన్న ఉల్లి వేయించిన నూనె, పంది కొవ్వు, చిల్లీ పేస్టు కలిసి నూడుల్స్‌కు పట్టుకుంటాయి. మలేషియాలో కౌలాలంపూర్ వైపు నల్ల సోయా సాస్ ఎక్కువ వేస్తారు, ప్లేటు మొత్తం నల్లగా మెరుస్తుంది. జొహోర్ రాష్ట్రంలోని పొంటియన్ ఊరి పేరుతో చెలామణీ అయ్యే రకంలో టమాటా కెచప్ పులుపు, తీపి తగులుతాయి. హాంకాంగ్‌ వాళ్లకు కెచప్ నచ్చదు. కెచప్‌తో పెరిగిన పిల్లవాడికి హాంకాంగ్ సూపు చప్పగా అనిపిస్తుంది. నాకు పొడి రకమే ఎక్కువ ఇష్టం. అందులో వంటవాడి సాస్ పాళ్లు, నీళ్లు దించిన తీరు దాచుకోవడానికి వీల్లేకుండా కనిపిస్తాయి.

స్టాల్ చైన్‌గా మారినప్పుడు

సింగపూర్‌లో ఈ మార్పును గమనించడానికి కోక్ కీ వాంటన్ నూడుల్స్ మంచి ఉదాహరణ. లావెండర్ ఫుడ్ స్క్వేర్‌లో పెద్ద పెద్ద క్యూలతో పేరు తెచ్చుకున్న స్టాల్ అది. కొద్దిగా చిక్కగా, కొవ్వు కమ్మదనంతో ఉండే సాస్ దాని ప్రత్యేకత. ఆ ఫుడ్ స్క్వేర్ మూతపడ్డాక ఫాక్ రోడ్‌కు మారింది. చిల్లీ క్రాబ్‌కు పేరుపడ్డ రెస్టారెంట్ కంపెనీ జంబో గ్రూప్ 2020లో అందులో 75 శాతం వాటాను 21 లక్షల సింగపూర్ డాలర్లకు కొంది. ఆ తర్వాత శాఖలు పెరిగాయి.

ఒక స్టాల్‌కు ఇంత ధర ఎందుకు? బండకు, బల్లలకు ఎవరూ అంత ఇవ్వరు. జంబో కొన్నది పేరును, సాస్ తయారీని, ఆ సాస్‌ను ఎన్ని చోట్లయినా ఒకే రుచితో ఇవ్వగల అవకాశాన్ని. ఇక్కడే సెంట్రల్ కిచెన్ వస్తుంది. చైన్ హోటళ్లలో సాధారణంగా సాస్, చార్ సియూ, సూపు, వాంటన్లు ఒకచోట తయారై రోజూ శాఖలకు చేరతాయి. శాఖలో జరిగేది నూడుల్స్ ఉడికించడం, మాంసం కోయడం, ప్లేటు పేర్చడం. టైమర్ ఉన్న బాయిలర్ ముందు కొత్తగా చేరిన పనివాడు కూడా కొన్ని రోజుల్లోనే నిలదొక్కుకోగలడు.

స్టాల్లో అన్నీ చేత్తోనే చేస్తారు, చైన్‌లో అన్నీ ఫ్యాక్టరీలోనే అని చాలామంది నమ్ముతారు. అది పూర్తి నిజం కాదు. చాలా హాకర్ స్టాళ్లు కూడా నూడుల్స్‌ను, వాంటన్ రేకులను ఫ్యాక్టరీల నుంచే కొంటాయి. తేడా ఎక్కువగా వాంటన్లు చుట్టడంలో, సాస్‌లో, చార్ సియూ కాల్చడంలో ఉంటుంది. కాబట్టి స్టాల్, చైన్‌ల మధ్య గీత ఒక్కచోట గీయలేం. ప్లేటులోని ఒక్కో భాగానికి ఆ గీత ఒక్కోచోట పడుతుంది.

సెంట్రల్ కిచెన్ వల్ల చార్ సియూకే ఎక్కువ నష్టం. కాల్చిన వెంటనే ఉండే అంచు కరకర, రవాణాలో, మళ్లీ వేడి చేయడంలో పోతుంది. సాస్ పెద్దగా దెబ్బతినదు. వాంటన్లు గడ్డకట్టించినవైతే రొయ్య బాగానే ఉంటుంది కానీ రేకు అంచులు కొంచెం గట్టిపడవచ్చు. లాభం ఏమిటంటే, చైన్‌లో ఏ రోజు వెళ్లినా ఒకే రుచి ఉంటుంది. స్టాల్ నడిపే ముసలాయన సెలవు పెట్టిన రోజున అక్కడి రుచి మారిపోతుంది, చైన్‌కు ఆ ఇబ్బంది లేదు.

బిల్లులోని రెండు ప్లస్ గుర్తులు

మెనూలో 9.80++ అని ఉందనుకుందాం. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జీ, రెండోది 9 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 19 శాతం అనుకుంటారు, లెక్క అలా జరగదు. ముందు 9.80కి 10 శాతం, అంటే 0.98 కలుస్తుంది. 10.78 అవుతుంది. జీఎస్టీ ఆ మొత్తం మీద, అంటే సర్వీస్ చార్జీ మీద కూడా పడుతుంది. 10.78లో 9 శాతం 0.97. మొత్తం 11.75. మెనూ ధర మీద పెరిగింది దాదాపు 19.9 శాతం. మెనూ ధరకు అయిదో వంతు కలుపుకుంటే చాలు, బిల్లు ఎంత వస్తుందో తెలిసిపోతుంది.

సింగపూర్‌లో దుకాణాలు జీఎస్టీ కలిపిన ధరే చూపాలన్నది నియమం. సర్వీస్ చార్జీ వసూలు చేసే హోటళ్లకు మాత్రం ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అందుకే ++ గుర్తు అక్కడే కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర మనమే తెచ్చుకుని తినే చైన్ శాఖల్లో సర్వీస్ చార్జీ ఉండదు, చూపిన ధరే ఆఖరి ధర. అంటే అదే చైన్ కంపెనీ బల్ల దగ్గరికి వడ్డించే శాఖలో ఒక రకంగా, ఫుడ్ కోర్టులో ఇంకో రకంగా ధర చూపవచ్చు. కొన్ని చైనీస్ రెస్టారెంట్లలో అడగకుండానే బల్ల మీద పెట్టే తడి టవల్, వేరుశనగలకు కూడా డబ్బు పడుతుంది. వద్దని చెబితే తీసుకెళ్లిపోతారు.

మన దేశంలో పరిస్థితి వేరు. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఆ అలవాటుతో సింగపూర్ వెళ్లి ‘సర్వీస్ చార్జీ ఇవ్వను’ అంటే అక్కడ చెల్లదు. మెనూలో ముందే చెప్పిన చార్జీ అక్కడ ధరలో భాగమే. అది మొత్తం వడ్డించేవాళ్లకే వెళ్లాలన్న నియమం మాత్రం లేదు. విడిగా టిప్ ఇచ్చే ఆనవాయితీ కూడా లేదు.

హాకర్ స్టాల్లో జీఎస్టీ ఎందుకు కనిపించదు

ఏడాది అమ్మకాలు 10 లక్షల డాలర్లు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్లేటు 5.50 చొప్పున అమ్మే స్టాల్ ఆ గీత దాటాలంటే ఏడాదికి 1,81,800కు పైగా ప్లేట్లు అమ్మాలి. 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 600 దాటాలి. ఇద్దరు ముగ్గురు నడిపే స్టాల్‌కు అది దాదాపు అసాధ్యం. ఒకే కంపెనీ కింద పది శాఖలున్న చైన్‌కు మాత్రం అన్నిటి అమ్మకాలూ కలిసి లెక్కలోకి వస్తాయి కాబట్టి గీత సులువుగా దాటేస్తుంది.

అంతమాత్రాన హాకర్ మీద జీఎస్టీ భారం పడదని కాదు. పిండి, మాంసం, గ్యాస్, ప్యాకింగ్ డబ్బాలు కొనేటప్పుడు ఆయన జీఎస్టీ కడతాడు. రిజిస్టర్ కాలేదు కాబట్టి దాన్ని తిరిగి రాబట్టుకోలేడు. రిజిస్టర్ అయిన చైన్ రాబట్టుకోగలదు. జీఎస్టీ లేని స్టాల్ ధర ఎందుకు పెంచింది అని అడిగేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

పంది కొవ్వు, హలాల్, శాకాహారం

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మామూలు వాంటన్ మీలో పంది మాంసం మూడు నాలుగు చోట్ల ఉంటుంది: చార్ సియూలో, వాంటన్ లోపల, సూపు ఎముకల్లో, సాస్‌లోని కొవ్వులో. పైన చల్లే కరకరలాడే చిన్న ముక్కలు కూడా వేయించిన కొవ్వే. చార్ సియూ తీసేయమంటే మిగతావి అలాగే ఉంటాయి.

‘నో పోర్క్, నో లార్డ్’ (పంది మాంసం, పంది కొవ్వు లేవు) అన్న బోర్డుకు, హలాల్ ధ్రువీకరణకు తేడా ఉంది. మొదటిది స్టాల్ యజమాని స్వయంగా చెప్పుకునే మాట. పంది లేదని అర్థం, అంతే. వంట సారాయి వాడవచ్చు, కోడి మాంసం హలాల్ పద్ధతిలో కోసినది కాకపోవచ్చు. హలాల్ ధ్రువపత్రం ఇచ్చేది సింగపూర్ ఇస్లామిక్ మత మండలి ముయిస్. హలాల్ నూడుల్ స్టాళ్లలో చార్ సియూ కోడి మాంసంతో చేస్తారు, వాంటన్లలో కోడి, రొయ్య ఉంటాయి.

శాకాహారులకు కథ ఇంకొంచెం చిక్కు. మాంసం వద్దంటే గుడ్డు నూడుల్స్, ఆయిస్టర్ సాస్, ఎముకల సూపు మిగులుతాయి. చైనీస్ శాకాహార స్టాళ్లు ఈ వంటకాన్ని విడిగా చేస్తాయి. గోధుమ గ్లూటెన్‌తోనో పుట్టగొడుగులతోనో చేసిన ఎర్రటి ముక్కలు చార్ సియూ స్థానంలో ఉంటాయి. బౌద్ధ సంప్రదాయం పాటించే చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అయినా నూడుల్స్‌లో గుడ్డు ఉందో లేదో విడిగా అడగాల్సిందే.

చవకగానే ఉండాలా?

సింగపూర్‌లో వీధుల్లో అమ్ముకునేవాళ్లను ప్రభుత్వం 1970లు, 80లలో హాకర్ సెంటర్లలోకి తరలించింది. పరిశుభ్రత ఒక లక్ష్యం, సామాన్యుడికి చవకగా తిండి దొరకడం ఇంకో లక్ష్యం. ఇప్పుడు 110కి పైగా సెంటర్లు ఉన్నాయి. ఆ సంస్కృతి 2020 డిసెంబరులో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కాబట్టి ‘హాకర్ ప్లేటు చవకగా ఉండాలి’ అన్న వాదనకు చరిత్ర ఉంది. పెన్షనర్లు, టాక్సీ డ్రైవర్లు, నిర్మాణ కూలీలు పూటపూటా తినే చోటు అది. ఒక్క డాలర్ పెరిగినా నెల లెక్క మారిపోతుంది.

శ్రమకు తగ్గట్టు ధర పెరగాలన్న రెండో వైపు వాదనకూ బలం ఉంది. చేత్తో చుట్టిన వాంటన్లు, కాల్చిన మాంసం ఉన్న ప్లేటును 5.50కి ఇచ్చేందుకు ఒక జంట తెల్లవారుజామున లేచి రాత్రి దాకా నిలబడుతోంది. హాకర్ల మధ్యస్థ వయసు 60 దరిదాపుల్లో ఉంది. మొదటి తరం వాళ్లకు అద్దెలో రాయితీ ఉంది. తర్వాత వచ్చినవాళ్లు టెండర్ వేసి స్టాల్ తీసుకోవాలి. మెరైన్ పరేడ్‌లో ఒక స్టాల్‌కు 2024లో నెలకు 10 వేల డాలర్లు దాటిన బిడ్ వచ్చింది. అది అరుదైన సందర్భం. చాలా స్టాళ్ల అద్దె అందులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. అద్దె ఒక్కటే సమస్య అనేవాళ్లు ఈ రెండో సంగతి కూడా చెప్పాలి. పదార్థాల ఖర్చు, పనివాళ్లు దొరకకపోవడం కూడా అంతే బరువైనవి.

నాకు రెండో వాదనే ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది. చైన్‌లో 11.75 కట్టేటప్పుడు కుర్చీకి, ఏసీకి, వడ్డనకు ఇస్తున్నామని మనకు తెలుసు. స్టాల్లో వాంటన్లు చుట్టే చేతులకు మాత్రం విడిగా ధర కట్టడం మనకు అలవాటు లేదు. ఆ పని మానేసి గడ్డకట్టిన వాంటన్లు తెచ్చుకుంటే స్టాల్ యజమానికి ఖర్చు, శ్రమ రెండూ తగ్గుతాయి. కొందరు ఇప్పటికే ఆ పని చేశారు.

స్టాల్ నిలవడానికి రెండు దారులు ప్రయత్నిస్తున్నారు. రిటైరవుతున్న హాకర్ తన వంటను, స్టాల్‌ను కొత్తవాళ్లకు అప్పగించేందుకు ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. అక్కడ నేర్చుకునేవాడు అదే బాయిలర్ ముందు ఆ పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకుంటాడు. రెండోది కోక్ కీ దారి, పేరునూ సాస్‌నూ కంపెనీకి అమ్మడం. ఆ సాస్ ఇప్పుడు స్టాల్ దగ్గరికి వెళ్లలేనివాళ్లకు కూడా మాల్‌లో దొరుకుతోంది. కానీ ఆ ధరకు అమ్ముడుపోయే పేరు ఏ కొద్ది స్టాళ్లకో ఉంటుంది. మిగతావాళ్లకు మొదటి దారే దిక్కు. ఆ దారిలోకి పాతికేళ్ల కుర్రవాళ్లు రావాలంటే 5.50 సరిపోతుందా అన్నదాని మీదే సింగపూర్‌లో వాదన ఇంకా నడుస్తోంది.